స్క్రూ ఉన్నచోట ఆదా, సోల్డర్ ఉన్నచోట ఖర్చు

ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లకు దాదాపు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. "ఎలాగూ ఐదారేళ్లు వాడతావు, చేతిలో ఉన్న డబ్బుకి వచ్చే పెద్ద కాన్ఫిగరేషన్ తీసేసుకో, తర్వాత టెన్షన్ ఉండదు." వినడానికి ముందుచూపులాగే ఉంటుంది. నా దృష్టిలో ఇది చెడ్డ సలహా. డబ్బు మిగల్చదు సరికదా, ఆ ఐదారేళ్లూ సుఖంగా వాడుకోనివ్వదు కూడా. ఈ సలహా విన్న మనిషి డబ్బంతా అంకెలు పెద్దగా కనిపించే చోట పెట్టేస్తాడు. ఐ5 ప్రాసెసర్ బదులు ఐ7, 512 జీబీ స్టోరేజ్ బదులు 1 టీబీ. రోజంతా కళ్లెదుట ఉండే స్క్రీన్ గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగడు.

చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరు ల్యాప్‌టాప్ కొంటున్నా ముందు నాకో లింకు పంపిస్తారు. ఆ లింకులు చూడగా చూడగా నాకొక పద్ధతి కుదిరింది. ప్రతి ఆప్షన్ దగ్గరా ఆగి ఒకటే అడుగుతాను: దీన్ని తర్వాత మార్చుకోవచ్చా? స్క్రూలు విప్పి మార్చుకోగలిగిన భాగమైతే ఇప్పటికి సరిపడా ఉంటే చాలు. బోర్డుకి సోల్డర్ చేసేసిన (కరిగించిన లోహంతో శాశ్వతంగా అతికించేసిన) భాగమైతే, లేదా స్క్రీన్, కీబోర్డ్ లాగా మొదట ఏది వస్తే చివరిదాకా దానితోనే గడపాల్సిన భాగమైతే, డబ్బు అక్కడ పెట్టాలి. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

కంపెనీ సైట్లలో కాన్ఫిగరేషన్ పేజీ ఎలా ఉంటుందో గమనించండి. పైన కనిపించే మొదటి ధర మనల్ని లోపలికి పిలవడానికి. ఆ ధరకి వచ్చే మోడల్‌లో ఏదో ఒకటి ఇబ్బంది పెట్టేంత తక్కువ ఉంటుంది, సాధారణంగా ర్యామో (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), స్టోరేజో (ఫైళ్లు దాచుకునే చోటు). అక్కడినుంచి పైకి వెళ్తుంటే ఒక్కో ఆప్షన్ ధరా "ఇంకొంచెమే కదా" అనిపించేలా ఉంటుంది. అలా నాలుగైదు నొక్కేసరికి మొత్తం తడిసి మోపెడవుతుంది. ఫ్యాక్టరీలో వేసి ఇచ్చే ర్యామ్‌కీ ఎస్ఎస్‌డీకీ (అంటే స్టోరేజ్ డ్రైవ్‌కీ) కంపెనీలు తీసుకునే అదనపు ధర, అదే భాగం బయట విడిగా కొంటే అయ్యే ధరకన్నా చాలాసార్లు బాగా ఎక్కువ. వాళ్ల లాభంలో పెద్ద వాటా ఇక్కడే ఉంది, కాబట్టి మన ఆదాకి కూడా ఇక్కడే అవకాశం ఉంది.

ముందు ర్యామ్ సంగతి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతినేది దీని దగ్గరే. పదేళ్ల కిందట చాలా ల్యాప్‌టాపుల్లో కింద మూత తీస్తే రెండు స్లాట్లు ఉండేవి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంకో ర్యామ్ పట్టీ, అంటే స్టిక్, వేసుకునేవాళ్లం. ఇప్పుడు పల్చటి మోడళ్లలో ఎల్‌పీడీడీఆర్5, ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం మెమరీని నేరుగా బోర్డు మీద సోల్డర్ చేస్తున్నారు. కరెంటు తక్కువ తీసుకుంటుంది, వేగం ఎక్కువ, చోటు కలిసొస్తుంది. కారణాలు నిజమైనవే. కానీ ఆ ల్యాప్‌టాప్‌లో ఇక జన్మలో ర్యామ్ పెంచలేం. ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ వరసలోనైతే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసి వస్తుంది, ఉన్నవి 16 జీబీ, 32 జీబీ రెండే. అల్ట్రా 7 256వీ, 258వీ అనే రెండు పేర్లు చూసి రెండోది ఇంకా వేగమైన ప్రాసెసర్ అనుకుంటారు. ఆ చివరి అంకె చెప్పేది మెమరీ తేడా: 6 ఉంటే 16 జీబీ, 8 ఉంటే 32 జీబీ.

సోల్డర్ చేసిన ర్యామ్ అయితే 16 జీబీకి తగ్గొద్దు. ఈ ఒక్క విషయంలో నేను బేరానికి రాను. విండోస్ 11కి కనీస అవసరం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ కాగితం మీద రాసుకున్న మాట వాస్తవమే. అదే మైక్రోసాఫ్ట్ 2024లో ఏఐ ఫీచర్లున్న ల్యాప్‌టాపుల మీద కోపైలట్ ప్లస్ పీసీ అనే ముద్ర వెయ్యడానికి 16 జీబీ ఉండి తీరాలంది. యాపిల్ కూడా ఏళ్ల తరబడి 8 జీబీతో మొదలయ్యే మ్యాక్‌బుక్ ఎయిర్‌ని అమ్మి, 2024 అక్టోబరులో ఆ కనీసాన్ని 16కి పెంచింది. పైగా విడి గ్రాఫిక్స్ చిప్ లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి కావలసిన మెమరీ కూడా ఈ ర్యామ్ లోంచే పోతుంది. 8 జీబీ అని కొన్నది మొత్తం 8 జీబీగా మన చేతికి రాదు.

32 కావాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది, ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్‌నే అడగమని. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. మీరు రోజూ తెరిచే ట్యాబులు, ఫైళ్లు, వీడియో కాల్ అన్నీ నడుస్తుండగా చూడండి, ఖాళీగా కూర్చున్నప్పుడు కాదు. పైన గ్రాఫ్, కింద ఎడమవైపు ఎంత వాడుకలో ఉందో అంకె, దాని దగ్గర్లోనే కమిటెడ్ అని ఇంకో అంకె ఉంటుంది. ప్రోగ్రాములన్నీ కలిసి అడిగి ఉంచుకున్న మొత్తం మెమరీ అది. రోజు మొత్తంలో అది పదీ పదకొండు దగ్గర తిరుగుతుంటే 16 జీబీ మీకు హాయిగా సరిపోతుంది. ఇరవై దాటుతుంటే 32కి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. వర్చువల్ మెషిన్లు నడిపేవాళ్లు, పెద్ద వీడియో ప్రాజెక్టులు ఎడిట్ చేసేవాళ్లు, డాకర్ కంటెయినర్లు ఒకేసారి పదేసి లేపేవాళ్లు సాధారణంగా ఈ రెండో రకం. మిగతావాళ్లు "రేపు అవసరమొస్తుందేమో" అనే భయంతో కొంటారు.

అదే పేజీలో కుడివైపు చిన్న అక్షరాలతో ఫామ్ ఫ్యాక్టర్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే మెమరీ స్లాటులో ఉన్న స్టిక్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే సోల్డర్ చేసేశారు. స్లాట్స్ యూజ్డ్ అనే వరసని మాత్రం ఒంటరిగా నమ్మకండి, సోల్డర్ చేసిన చిప్పులని కూడా అది స్లాట్లలాగే లెక్కేసి చూపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ఇది తెలుసుకోవాలంటే కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూడాలి. లెనోవో, డెల్, హెచ్‌పీ తమ మోడళ్ల మాన్యువళ్లని సైట్లలో ఉచితంగా పెడుతున్నాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, మూత కింద ఏముందో బొమ్మలతో సహా ఉంటుంది. అమ్మకం పేజీలో ఎంత వెతికినా దొరకని సమాధానం ఇక్కడ ఒక్క బొమ్మలో దొరుకుతుంది.

స్లాట్లున్న మోడల్ అయితే కథే వేరు. అప్పుడు కనీస ర్యామ్‌తో తీసుకుని మిగతాది బయట కొని వేసుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే స్టిక్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లో మెమరీ సింగిల్ చానెల్‌లో నడుస్తుంది, అంటే డేటా ఒకే దారిలో వెళ్తుంది. డీడీఆర్4-3200 రకం ర్యామ్ అయితే ఒక చానెల్‌కి సెకనుకి 25.6 జీబీ, రెండు చానెళ్లయితే 51.2 జీబీ. బ్రౌజింగ్‌లో ఈ తేడా పెద్దగా కనపడదు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ మాత్రం పూర్తిగా ఈ మెమరీ మీదే బతుకుతుంది కాబట్టి గేముల్లో, ఫొటో ఎడిటింగ్‌లో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉందని పేజీలో రాస్తారు, ఒక్క స్టిక్ మాత్రమే ఉంటే అదే చిప్ విండోస్‌లో మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే పేరుతో కనిపిస్తుంది. రెండో స్టిక్ వేయగానే ఐరిస్ అవుతుంది. ఒక స్టిక్‌తో అమ్మి పూర్తి గ్రాఫిక్స్ పేరు చెప్పుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక్కడ కాలం తెచ్చిన ఒక చిక్కు కూడా చెప్పాలి. "తక్కువ ర్యామ్‌తో కొని తర్వాత పెంచుకో" అనే మాట ఎప్పుడూ ఒకేలా పనిచెయ్యదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. క్రూషియల్ పేరుతో ఏళ్ల తరబడి మామూలు కొనుగోలుదారులకి ర్యామ్ అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో ముందే తయారైన ల్యాప్‌టాప్‌లో వచ్చే ర్యామ్ బయటి ర్యామ్‌కన్నా చవగ్గా పడటం కూడా జరుగుతుంది. కాబట్టి కొనే రోజున రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. స్లాటు ఉండటమంటే ఎంచుకునే అవకాశం మన చేతిలో ఉండటం. ధర దిగేదాకా ఆగే వీలు ఉండటం. సోల్డర్ అయితే ఆ వీలు లేదు.

ఎస్ఎస్‌డీ దగ్గరికొస్తే నేను దాదాపు ఎప్పుడూ చిన్నదే తీసుకోమంటాను. చాలా ల్యాప్‌టాపుల్లో ఎం.2 స్లాటు ఉంటుంది, ఒకే ఒక్క స్క్రూతో బిగించిన చూయింగ్ గమ్ పట్టీ అంత ముక్క అది. తర్వాత పెద్దది కొని, పాతదాంట్లో ఉన్నదంతా క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి) మార్చుకోవచ్చు. తీసిన పాతదాన్ని ఒక చిన్న యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డబ్బా)లో పెట్టుకుంటే బ్యాకప్ డ్రైవ్ అయిపోతుంది, ఏదీ వృథా పోదు. పొడవు మాత్రం చూసుకోండి: 2280 అంటే 80 మిల్లీమీటర్లు, 2242, 2230 అని పొట్టివి కూడా ఉన్నాయి, ఒకదాని చోట ఇంకొకటి అన్నిసార్లూ కూర్చోదు. ఇంకో జాగ్రత్త, డ్రైవ్ మార్చేముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ దాచుకోండి. కొత్త విండోస్ ల్యాప్‌టాపులు చాలావరకు డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే వస్తున్నాయి. ఆ కీ దగ్గర లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎస్ఎస్‌డీని బోర్డుతో కలిపే దారి పేరు పీసీఐఈ. దాని 3.0 తరం ఎస్ఎస్‌డీ సెకనుకి సుమారు 3,500 ఎంబీ చదువుతుంది, 4.0 రకం 7,000 దాకా వెళ్తుంది. రెట్టింపు అంకె చూసి జనం అదనంగా డబ్బు కడతారు. వర్డ్ ఫైలు తెరవడానికో బ్రౌజర్ లేవడానికో ఆ రెండింటి మధ్య తేడా మన కంటికి ఆనదు. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లని రోజంతా అటూ ఇటూ కాపీ చేసేవాళ్లకే అది ఉపయోగం. చిన్నదే తీసుకోమన్న మాటకి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి ఈఎంఎంసీ. చవక ల్యాప్‌టాపుల్లో 64 జీబీ, 128 జీబీ ఈఎంఎంసీ అని వస్తుంది, అది బోర్డుకి సోల్డర్ చేసిన నెమ్మది స్టోరేజ్, ఎస్ఎస్‌డీతో దానికి పోలికే లేదు. విండోస్ అప్‌డేట్లకే అది నిండిపోతుంది. దాని జోలికి వెళ్లకండి. రెండోది మ్యాక్‌బుక్‌లు. వాటిలో స్టోరేజ్ మార్చడం మామూలు వాడుకరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి కొన్నప్పుడే ఆలోచించుకోవాలి. 2022లో వచ్చిన ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జీబీ మోడల్‌కి ఒకే స్టోరేజ్ చిప్ పెట్టారు, 512లో రెండు. దాంతో చిన్న మోడల్ చదివే వేగం సుమారు సగానికి పడిపోయింది. ఇలాంటప్పుడు మెట్టు పైకి ఎక్కడమే నయం.

(512 జీబీ కొంటే విండోస్ 476 అని చూపిస్తుంది. మోసమేమీ లేదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1,024తో లెక్కేస్తుంది.)

మా అన్నయ్య కూతురు ఇంజినీరింగ్‌లో చేరేముందు ఒకే మోడల్‌లో రెండు కాన్ఫిగరేషన్లు పంపి, వెంటనే ఫోన్ చేసింది. "బాబాయ్, ఇంకొంచెం వేసుకుంటే ఐ7 వస్తుంది కదా, అదే తీసుకోనా?" అంది. "ఐ7 తీసుకుని ఏం చేస్తావమ్మా?" అంటే, "ఫాస్ట్‌గా ఉంటుంది కదా" అంది. సరే, ఎంత ఫాస్టో ఇద్దరం కలిసి చూద్దామని ఇంటెల్ సైట్‌లో రెండు ప్రాసెసర్లనీ పక్కపక్కన పెట్టాం. ఐ5-1335యూ, ఐ7-1355యూ. రెండింటిలోనూ 10 కోర్లే (లెక్కలు చేసే యూనిట్లు), 2 పెద్దవి, 8 చిన్నవి. థ్రెడ్లు రెండింటికీ 12. క్యాష్ రెండింటికీ 12 ఎంబీ. బేస్ పవర్ (మామూలుగా తీసుకునే కరెంటు) రెండింటికీ 15 వాట్లు. గరిష్ఠ వేగం ఐ5కి 4.6 గిగాహెర్ట్జ్, ఐ7కి 5.0. గ్రాఫిక్స్ యూనిట్లు 80, 96. ఒక్కో వరసా చదువుతూ "ఇదీ అంతేనా, ఇదీ అంతేనా" అంటూ వచ్చింది. చివరికి తేలింది తొమ్మిది శాతం లోపు వేగం, కాస్త గ్రాఫిక్స్. ఆ 5.0 కూడా కొన్ని క్షణాలపాటు అందుకునే శిఖరం. పల్చటి బాడీలో చిన్న ఫ్యాన్‌తో ఎక్కువసేపు పనిచేస్తే రెండూ వేడెక్కి దాదాపు ఒకే వేగానికి దిగుతాయి. ఆ డబ్బుని 8 నుంచి 16 జీబీకి, మంచి స్క్రీన్‌కి పెట్టమన్నాను. అలాగే చేసింది.

ఐ3, ఐ5, ఐ7 అనే అంకె కన్నా దాని వెనకాల ఉన్న అక్షరాలు, అంకెలే ఎక్కువ చెబుతాయి. ఇంటెల్ 13వ తరంలో యూ అంటే 15 వాట్ల బేస్ పవర్, హెచ్ అంటే 45, హెచ్ఎక్స్ అంటే 55. హెచ్ రకం ఐ5 ఒకటి యూ రకం ఐ7ని సులువుగా దాటేయగలదు. ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్లు 2023లో పెట్టిన పేర్లయితే మరీ గజిబిజి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ చూస్తే పేరులో పదే తేడాగా కనిపిస్తుంది. కానీ అందులో మూడో అంకె చిప్ డిజైన్ తరాన్ని చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. 3 ఉంటే జెన్ 3. మొదటిదానికి 4 కోర్లు, రెండోదానికి 6. 7640యూ అయితే జెన్ 4. ఒకే "రైజెన్ 5 7000" స్టిక్కర్ కింద ఇంత తేడా దాక్కుంటుంది. ఇంటెల్‌లోనూ ఇదే తంతు, 2024లో వచ్చిన కోర్ 5 120యూ పేరు కొత్తదైనా లోపల ఉన్నది 13వ తరం డిజైనే. దీన్ని తిప్పి చూస్తే కొనేవాళ్లకి లాభం కూడా ఉంది: పాత పేరుతో ఉన్న కిందటేటి మోడల్ ధర తగ్గి అమ్ముతుంటే, లోపలి చిప్ అదేనని తెలుసుకుని నిక్షేపంగా తీసుకోవచ్చు.

అలా మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే నా జవాబు ముందుగా స్క్రీన్. స్పెసిఫికేషన్ షీట్‌లో 45% ఎన్‌టీఎస్‌సీ (చూపించగల రంగుల కొలత), 250 నిట్స్ (వెలుతురు కొలత) అని రాసి ఉంటే అది అన్నింటికన్నా చవక ప్యానెల్ అని అర్థం. మామూలు ఫొటోలూ వెబ్ పేజీలూ వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో దాదాపు మూడింట రెండొంతులే అది చూపించగలదు. ఒకసారి 45% ప్యానెల్, 100% ఎస్ఆర్‌జీబీ ప్యానెల్ ఉన్న రెండు ల్యాప్‌టాపుల్లో ఒకే ఫొటో తెరిచి పక్కపక్కన చూశాను. ఒక చిన్నపిల్ల ఎర్ర గౌను వేసుకుని ఉన్న ఫొటో. మొదటిదాంట్లో ఆ గౌను ఉతికి ఉతికి వెలిసిపోయినట్టు ఇటుక రంగులో ఉంది, చర్మం కాస్త పాలిపోయి ఉంది. రెండోదాంట్లో ఎరుపు ఎరుపులాగే ఉంది. విడిగా చూస్తే మొదటిది బాగానే ఉందనిపిస్తుంది, అందుకే జనం గమనించరు. కిటికీ పక్కన కూర్చుని పగటి వెలుతురులో పనిచేసేవాళ్లకి 250 నిట్స్ అంటే కళ్లు చికిలించుకోవడమే. కనీసం 300, కుదిరితే 400. ఎత్తు కూడా చూడండి. 1920x1080 బదులు 1920x1200 ఉంటే నిలువుగా 120 గీతలు ఎక్కువ వస్తాయి, కోడ్ రాసేవాళ్లకీ డాక్యుమెంట్లు చదివేవాళ్లకీ ఆ జాగా విలువ తెలుసు. అదే సమయంలో 14 అంగుళాల్లో 4కే స్క్రీన్ కోసం డబ్బు పెట్టొద్దంటాను. ఆ సైజులో అంత సూక్ష్మత చాలామంది కళ్లకి అందదు, బ్యాటరీ మాత్రం త్వరగా దిగిపోతుంది.

స్క్రీన్ తర్వాత బ్యాటరీ. "12 గంటలు వస్తుంది" అని రాసిన మాటని పక్కనపెట్టి వాట్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు) అంకె చూడండి. చాలా మోడళ్లలో చిన్న బ్యాటరీ, పెద్ద బ్యాటరీ అని రెండు ఆప్షన్లుంటాయి, 41, 57 లాంటి అంకెలతో. మామూలు పనికి ల్యాప్‌టాప్ సగటున 8 వాట్లు తింటోందనుకుంటే మొదటిది అయిదు గంటలు, రెండోది ఏడు గంటలు. బ్యాటరీని స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు నిజమే, కానీ చిన్నదాని చోట పెద్దది పెట్టడం అన్ని మోడళ్లలోనూ కుదరదు. చిన్న బ్యాటరీ ఉన్న మోడల్‌లో మిగిలిన ఖాళీని వేరే భాగానికి వాడేస్తారు, లేదా కేబులూ బిగింపు రంధ్రాలూ వేరుగా ఉంటాయి. పైగా వాడేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది, మొదట్లో అయిదు గంటలిచ్చింది మూడో ఏడు వచ్చేసరికి అంత ఇవ్వదు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లు మాత్రం చిన్నదానితో సరిపెట్టుకుని, ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకుంటే చాలు.

గేమింగ్ కోసమో త్రీడీ పనికోసమో విడి గ్రాఫిక్స్ కావలసినవాళ్లు పేరుతో పాటు వాట్లు అడగాలి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చుకోవచ్చని ఎన్‌విడియా వదిలేసింది. రెండు ల్యాప్‌టాపుల మీదా ఒకే స్టిక్కర్ ఉంటుంది, ఆడితే ఆట వేరుగా ఉంటుంది. పల్చటి బాడీలో తక్కువ వాట్ల 4060కి పెట్టే డబ్బు కన్నా, మంచి కూలింగ్ ఉన్న బాడీలో ఒక మెట్టు కిందిదైన 4050ని పూర్తి వాట్లతో తీసుకోవడం తెలివైన పని అని నా నమ్మకం. గేములూ త్రీడీ పనీ అవసరం లేనివాళ్లు, అంటే చాలామంది, విడి గ్రాఫిక్స్ ఆప్షన్‌ని అసలు ముట్టుకోకండి. ఖర్చు, బరువు, వేడి, ఫ్యాన్ శబ్దం అన్నీ పెరుగుతాయి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. టచ్ స్క్రీన్ స్టైలస్‌తో గీసేవాళ్లకి తప్ప అక్కర్లేదు. విండోస్ హోమ్ నుంచి ప్రోకి మారడం సాఫ్ట్‌వేర్ పని, అవసరమైన రోజున డబ్బు కట్టి అప్పుడే మారొచ్చు. కీబోర్డ్‌కి బ్యాక్‌లైట్ ఆప్షన్ ఉంటే మాత్రం తీసుకోండి, కొంచెం డబ్బుకి రోజూ ఉపయోగపడే వస్తువు, తర్వాత వేయించుకోవాలంటే కీబోర్డ్ మొత్తం మార్చాలి. యూఎస్‌బీ-సీ పోర్టుతో ఛార్జ్ అవుతుందో లేదో చూడండి. అయితే గనక ఛార్జర్ పోయినా పాడైనా ఆ కంపెనీదే వెతుక్కునే బాధ ఉండదు. వారంటీ పొడిగింపు విషయంలో నా అభిప్రాయం అది ఏమేం కవర్ చేస్తుందనేదాన్ని బట్టి మారుతుంది. మామూలు పొడిగింపుకి నేను డబ్బు పెట్టను. కింద పడటం, నీళ్లు ఒలకడం లాంటివి కూడా కవర్ చేసేది, కాలేజీకి రోజూ మోసుకెళ్లే పిల్లలకైతే పెడతాను. బ్యాటరీకి ఎంతకాలం వర్తిస్తుందో చదవండి, చాలా ప్లాన్లలో దానికి ఏడాదే.

నా వాదనకి ఎదురయ్యే అభ్యంతరాల్లో రెండింటికి బలముంది. మొదటిది, అందరూ స్క్రూడ్రైవర్ పట్టుకోలేరు కదా అన్నది. నిజమే. కానీ మూత తీసి ఒక స్టిక్ వేయడం ఏ రిపేరు చేసే మనిషైనా కాసేపట్లో చేసే పని, దానికి ఇచ్చే కూలి కలుపుకున్నా లెక్క చాలాసార్లు మనవైపే ఉంటుంది. మూత తెరిస్తే వారంటీ పోతుందా అనేది మాత్రం కొనేముందే ఆ కంపెనీ వారంటీ పత్రంలో చూసుకోవాలి. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. మంచి స్క్రీన్ విడిగా దొరకదు, ఐ7, 1 టీబీ తీసుకున్నవాళ్లకే ఇస్తారు. ఇది కంపెనీలు తెలిసి చేసే పనే. అలాంటప్పుడు నేను ఆ మోడల్‌లో పైకి ఎక్కకుండా వేరే మోడల్ వెతుకుతాను. ముఖ్యంగా ఆఫీసుల కోసం తయారయ్యే లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, 2025లో పేరు మారేదాకా డెల్ లాటిట్యూడ్ లాంటి వరసల్లో భాగాలు విడివిడిగా ఎంచుకునే వీలు ఎక్కువ. కొన్నేళ్లు వాడి కంపెనీలు తిరిగిచ్చేసిన వాటిని రిఫర్బిష్ చేసి (శుభ్రంచేసి, బాగుచేసి) అమ్ముతారు, మంచి కీబోర్డ్, గట్టి బాడీ, తేలిగ్గా తెరుచుకునే మూతతో కొత్త చవక ల్యాప్‌టాప్ కన్నా మెరుగ్గా ఉంటాయి. వాటిలో ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరానికి ముందుదైతే తీసుకోకండి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, అంతకన్నా పాత ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్లకి ఈ పట్టింపు లేదు.

ఇంకో దారి కూడా తెరుచుకుంటోంది. 2021 నుంచి ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకుండానే ల్యాప్‌టాప్ కొనుక్కునే వీలిచ్చింది, మన దగ్గరున్నవి మనమే వేసుకోవచ్చు. మెమరీని వేగం తగ్గకుండానే విప్పి మార్చుకోగలిగేలా ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం మాడ్యూల్ వచ్చింది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 జెన్ 7లో వాడింది. పల్చగా ఉండాలంటే సోల్డర్ చెయ్యక తప్పదనే సాకు దీంతో బలహీనపడింది. మిగతా కంపెనీలు కూడా ఇటు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ర్యామ్ చాలక మంచి స్క్రీన్, మంచి కీబోర్డ్ ఉన్న ల్యాప్‌టాప్‌ని పారేయాల్సి రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ల్యాప్‌టాప్ ఇంటికొచ్చాక, తిరిగిచ్చే గడువు ఉండగానే కొన్ని చూసుకోవాలి. తెల్లటి పేజీ, నల్లటి పేజీ ఫుల్ స్క్రీన్‌లో పెట్టి చనిపోయిన పిక్సెళ్లు, అంచుల్లో వెలుతురు లీకు ఉన్నాయేమో చూడండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీ మీరు కొన్న వాట్ అవర్లకి సరిపోతుందో, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ దానికి దగ్గరగా ఉందో సరిచూడండి. రిఫర్బిష్ చేసిందైతే ఇది మరీ ముఖ్యం. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎన్ని స్టిక్కులుగా ఉందో, ఎంత వేగంతో నడుస్తోందో చూడండి. అదనపు ర్యామ్ ఆర్డర్ చెయ్యడం ఆ తర్వాతే. వేగం 3200 అని ఉంటే డీడీఆర్4, 4800 లేదా 5600 అని ఉంటే డీడీఆర్5. ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు.